ఫర్నేసు మెడలో కార్డు

ఇళ్లు చూడటం నా పని.
కొనేవాళ్ల తరఫున ముందుగా వెళ్లి
గోడలు తట్టి, కుళాయిలు తిప్పి,
అటక మీద మోకాళ్లతో పాకి,
ఇల్లు దాచుకున్న రోగాలన్నీ రాసిస్తాను.
పదకొండు పేజీలు. నాలుగొందల డాలర్లు.

ఆరేళ్లుగా ఈ ఊళ్లో నన్ను పిలిచినవాళ్లంతా
జూలైలో వచ్చి ఆగస్టులో పోయే దూరపువాళ్లే.
పేపరు మిల్లు గొట్టం చల్లారాక
తెల్లారుజామున ఊరంతా పరుచుకునే
ఉడికిన క్యాబేజీ వాసన కూడా పోయింది.
ఎంత తిట్టుకునేవాళ్లమో దాన్ని!
ఇప్పుడు ముక్కు వెతుక్కుంటుంది.

మార్చి నెల. మంచు ఇంకా నడుంలోతు.
డెల్ఫీన్ వెలెట్ వచ్చింది,
తమ్ముడి బూట్లు వేసుకుని,
ప్లాస్టిక్ సంచిలో మడిచిన కాగితంతో.
ఊపిరి అందనివాళ్లకు ఊపిరందించే చదువు,
నిరుడు మే నెలలో పట్టా,
నది ఒడ్డు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ.
నది అవతల కెనడా దీపాలు.

కాగితం రాష్ట్రం పంపింది:
పట్టా చేతికొచ్చిన మూడేళ్లలోపు
ఇక్కడే తొలి ఇల్లు కొనుక్కుంటే
ఆదాయపు పన్నులో ఏటా ఇంత తగ్గింపు.
ఐదేళ్లు కదలకూడదు.
కదిలితే తిన్నదంతా కక్కాలి.

"కక్కాలని రాయలేదు" అంది నవ్వి,
"రికవరీ అని రాశారు."
"అదే" అన్నాను.

బిర్చ్ వీధి చివరి ఇల్లు. తొంభై రెండు వేలు.
కప్పుకి మహా అయితే ఇంకో ఆరు చలికాలాలు.
వంటింటి కిటికీ చెక్క
వేలితో నొక్కితే టీలో ముంచిన బిస్కట్టు.
మెట్ల కింద వైరింగు మా తాత కాలంది.
నేనొక్కోటి చెబుతుంటే
ఆమె ఆ కాగితాన్నే తిరగేసి
పెన్సిలుతో కూడికలు వేస్తోంది.
ముందువైపు రాష్ట్రం ఇస్తానన్నది,
వెనకవైపు ఇల్లు అడుగుతున్నది.

నాకెందుకో కాస్త కోపం వచ్చింది,
ఎవరి మీదో తెలీదు.
ఇరవై రెండేళ్లప్పుడు నన్నెవరూ ఉండమని అడగలేదు.
ఉండిపోయాను, అంతే.
ఉండిపోయినవాడికి రాయితీ రాదు,
పల్లం చూసుకుని ఆగిన నీళ్లకి
ఎవరు జీతమిస్తారు?

నేలమాళిగ. తేమ, పాత ఆయిల్ వాసన.
ఫర్నేసు మెడలో తీగతో కట్టిన అట్టముక్క,
ప్రతి అక్టోబరూ శుభ్రం చేసినవాడి సంతకం.
మొదటి గడి ఎనభై ఎనిమిది.
ఆర్. సిర్, ఆర్. సిర్, ఆర్. సిర్,
పోనుపోను అక్షరాలు వణికి
తర్వాత ఇంకెవరిదో చేతిరాత.
మధ్యలో ఒక గడి ఖాళీ.
మిల్లు సమ్మె జరిగిన ఏడాది అది,
ఆ చలికాలం కట్టెలు కాల్చుకుని ఉంటారు.

రోగి మంచం కాళ్ల దగ్గర చార్టు చదివినట్టు
ఆ పిల్ల మొత్తం చదివింది, తొందరపడకుండా.
తర్వాత రేకుకి చెవి ఆనించింది.
"కాస్త పిల్లికూతలుగా ఉంది,
ఊపిరి మాత్రం బాగానే ఆడుతోంది."

కాసేపాగి అడిగింది:
"ఐదేళ్లు ఉండలేకపోతే?"
"నేను ఇళ్లని మాత్రమే తనిఖీ చేస్తాను" అన్నాను.
అనగానే నాకే సిగ్గేసింది.

కార్డులో మిగిలినవి మూడే గళ్లు.
వేలు పెట్టి లెక్కపెట్టింది, రెండుసార్లు.
తీగ విప్పకుండానే అట్టని వెనక్కి తిప్పింది.
అటువైపు గీతలు కూడా లేవు.
"ఇటు కూడా రాసుకోవచ్చుగా" అంది,
నాతో కాదు.

ఆ రాత్రి రిపోర్టులో
కప్పు గురించి రాశాను, కిటికీ గురించి, వైరింగు గురించి,
ఏదీ దాచలేదు, దాస్తే నా లైసెన్సు పోతుంది.
పదకొండో పేజీలో
ఫర్నేసు దగ్గర మాత్రం కలం కాస్త ఆగింది.
పాతది. పనిచేస్తోంది.
అక్టోబరులో ఎవరైనా చూడాలి.